నూట డెబ్బయ్యో సెకను

కిందటి వారం గంట మాస్టారికి చొక్కా ఒక చెయ్యి తొడిగి, రెండో చెయ్యి బయటే ఉంచి వదిలేశాం. పాపం పెద్దమనిషి, వారం రోజులుగా అలాగే నిలబడి ఉన్నారు. ఇప్పుడైనా ఆ రెండో చెయ్యి తొడుక్కోనిద్దాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసమూ, వారం తిరిగేసరికి మరిచిపోయేవాళ్ళ కోసమూ నాలుగు మాటలు. ఒకప్పుడు బాక్సింగ్ చాంపియన్‌గా వెలిగి, ఆ తర్వాత మతి చెదిరి ముప్ఫై రెండేళ్ళు ఇంటికే పరిమితమైన 'గోడ' పోయి తొమ్మిది రోజులైంది. ఇవాళ సాయంత్రం ఐదింటికి బాక్సర్ల సంఘం హాల్లో సంతాప సభ. పోయిన చాంపియన్ బతుకంతా చదివి వినిపించి, చివర పదిసార్లు గంట కొట్టి సాగనంపడం వాళ్ళ ఆనవాయితీ. చదివేదీ కొట్టేదీ మాస్టారే. నలభై ఏళ్ళు పోటీల్లో టైము చూసి గంట కొట్టిన మనిషాయన. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకరు. అంతా సిద్ధం చేసుకుని బయల్దేరబోతుంటే గోడ కూతురు ఫోను చేసింది. "బాబాయ్, నాన్న పెట్టెలో ఒక క్యాసెట్ దొరికింది. ఆయన ఆఖరి పోటీ, రేడియోలో వచ్చింది. నేను వచ్చేదాకా ఇల్లు కదలకు," అని ఠక్కున పెట్టేసింది. చొక్కా రెండో చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"ఏమండీ, ఆ చొక్కా తొడుక్కుంటారా, లేకపోతే ఆ చేతిని ఇంట్లో పెట్టేసి వెళ్తారా?" అంది ఆయన భార్య వంటింట్లోంచి.

మాస్టారు తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి ఎక్కువైంది, పైన ఒక కాజా మిగిలింది. మళ్ళీ విప్పి మొదట్నుంచి పెట్టుకున్నారు. టైము మూడున్నర దాటింది. ముందు గదిలో కుర్చీలో కూచుని, సభలో చదవాల్సిన కాగితం మడత విప్పి, చదవకుండానే మళ్ళీ మడిచారు.

ఆ గదిలో వరసగా పదకొండు ఫోటోలు వేలాడుతున్నాయి. అందరూ చాంపియన్లే, అందరూ పోయినవాళ్ళే, అందరికీ పది గంటలు కొట్టింది ఈయనే. పన్నెండో ఫోటో బల్ల మీద బోర్లా పడి ఉంది. గోడని గోడకెక్కించడానికి మాస్టారికి తొమ్మిది రోజులుగా మేకు దొరకడం లేదు. డబ్బా నిండా మేకులున్నాయని ఆయన భార్యకి తెలుసు.

ఎడమ చివర ఉన్నాయన కటింగ్ షాపు చాంపియన్. పంతొమ్మిది పోటీలాడితే పదిహేడు గెలిచాడు. ఒక మధ్యాహ్నం సొంత షాపులో సొంత కుర్చీలోనే కన్నుమూశాడు. కునుకు తీస్తున్నాడనుకుని, చెంపలకి నురగ పూయించుకున్న బేరం పావుగంట సేపు పక్క కుర్చీలో కూచుని పేపరు చదువుకుందట. ఆయన పక్కన 'కప్ప'. ఎగిరెగిరి కొట్టేవాడు, రంగులేసే పని. ముప్ఫై మంది పడగొట్టలేనివాణ్ణి ఒక నిచ్చెన పడగొట్టింది. ఆ పక్కన పోస్టుమాన్. అతని కాళ్ళని చూసి కుర్రాళ్ళు ఈర్ష్యపడేవారు. చివరి మూడేళ్ళూ మతి పోయి, తెల్లకాగితాలు మడిచి వీధిలో ఇంటింటికీ పంచిపెట్టేవాడు. వీధివాళ్ళు మంచివాళ్ళు. కాగితం తీసుకుని "అందిందండీ" అనేవారు. ఒక చలికాలం జ్వరంతో పోయాడు.

రింగులో పోయినవాడు వీళ్ళలో ఒక్కడూ లేడు. అందరూ తర్వాత, చప్పట్లు ఆగిపోయాక, ఎవరూ చూడనప్పుడు మెల్లిగా పోయారు. ఎవడు ఎన్ని పోటీలాడాడో, ఎవడు ఎలా పోయాడో చెప్పడానికి ఊళ్ళో ఈయన ఒక్కరే మిగిలారు. మాస్టారు చెప్పారంటే రాయి మీద చెక్కినట్టే. ఈ మధ్య ఆయనకి ఆ పని కూడా బరువుగా ఉంటోంది. పోయినవాళ్ళు పోయి హాయిగా ఉన్నారు, జ్ఞాపకం పెట్టుకునేవాడి చాకిరీ మాత్రం తీరదు.

నాలుగింటికి గోడ కూతురు వచ్చింది. నలభై ఒకటో ఏడు, పొడుగాటి మనిషి. చెవుల ఆస్పత్రిలో పరీక్షలు చేసే ఉద్యోగం. వచ్చినవాళ్ళని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, "చప్పుడు వినబడగానే వేలెత్తండి" అంటుంది. డాక్టరు కాకపోయినా అందరూ చెవుల డాక్టరమ్మ అనే అంటారు. వాళ్ళ నాన్నకి కుడి చెవి దెబ్బలకి ఎప్పుడో చచ్చిపోయింది. "గోడకి చెవులుంటాయంటారు, ఈ గోడకి ఒక్కటే" అని ఆయనే నవ్వేవాడు. ఆ ఒక్క చెవితోనే ఆడి గెలిచిన డబ్బుతో కూతురు చదువుకుంది. ఆ పిల్ల తిరిగి తిరిగి చెవుల దగ్గరికే చేరింది.

"కూర్చో అమ్మా, టీ పెడుతున్నా," అంది మాస్టారి భార్య.

"వద్దు పిన్నీ. తర్వాత."

సంచిలోంచి పాత టేప్ రికార్డరు తీసి, బల్ల మీద బోర్లా ఉన్న ఫోటో పక్కన పెట్టింది. ఫోటో వైపు ఒకసారి చూసి, దాన్ని తిప్పి నిలబెట్టి కూచుంది.

"బాబాయ్, ఇది ఆరో రౌండు. విను."

మీట నొక్కింది. గరగరమంటూ జనం కేకలు, వ్యాఖ్యాత గొంతు, ఠంగుమని గంట. ఆ గంట వినగానే మాస్టారి కుడి బొటనవేలు తనంతట తాను కదిలింది, స్టాప్‌వాచీ నొక్కినట్టు. తర్వాత చాలాసేపు అరుపులు. అప్పుడు టక్, టక్, టక్ అని కొయ్యసుత్తి బల్ల చెక్క మీద కొట్టిన చప్పుడు. ఇంకో కాసేపటికి ఠంగుమని గంట.

"మొదటి గంట నుంచి ఆ టక్కుల దాకా ఎంతసేపు?" అంది.

"నూట డెబ్బై సెకన్లు," అన్నారు మాస్టారు, అన్నం తిన్నావా అంటే తిన్నానన్నంత తేలిగ్గా. "అక్కణ్ణుంచి గంటకి పది. మూడు నిమిషాల రౌండు కదా. ఇంకా పది సెకన్లే ఉందని ఆడేవాళ్ళకి తెలియడానికి ఆ టక్కులు."

"ఆరు రౌండ్లూ వాచీ పెట్టి చూశాను బాబాయ్. ఒక్క సెకను తేడా లేదు. నీ చెయ్యి అంత ఖచ్చితం."

ఆ మెప్పు మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది. ఆమె మళ్ళీ మీట నొక్కింది.

"ఇప్పుడు ఏడో రౌండు."

ఠంగ్. అరుపులు, కేకలు. గోడ ఎలా ముందుకు నెడుతున్నాడో, ఎడంచెయ్యి ఎలా తప్పుకుంటున్నాడో వ్యాఖ్యాత ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు. ఎడంచెయ్యి అంటే ఆనాటి ప్రత్యర్థి. ఎడంచేతి వాటం కనక ఆ పేరు. తర్వాత ఒక్క ఠంగ్. అంతే. వెంటనే వ్యాఖ్యాత గొంతు కీచుమంది. "గోడ వెనక్కి తిరిగాడు... చేతులు దించాడు... అయ్యయ్యో! కొట్టాడు! గంట తర్వాత కొట్టాడు! ఎడంచెయ్యి గంట తర్వాత కొట్టాడు!"

ఆమె ఆపేసింది. వంటింట్లో నీళ్ళు మరుగుతున్నాయి.

"ఇందులో టక్కులేవి బాబాయ్?"

మాస్టారు టేప్ రికార్డరు వైపే చూస్తున్నారు.

"గంట నుంచి ఈ ఠంగ్ దాకా నూట డెబ్బై. నూట ఎనభై కాదు. పదిసార్లు చూశాను, మా ఆస్పత్రి వాచీతో."

"పాత టేపమ్మా. సాగిపోయి ఉంటుంది."

"సాగితే టైము ఎక్కువ రావాలి, తక్కువ రాదు. అయినా ఆరు రౌండ్లు సాగనిది ఏడో రౌండులోనే సాగిందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారు చొక్కా గుండీలు తడుముకున్నారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. ముప్ఫై రెండేళ్ళ నిలకడ చాలక, చివరికి ఆస్పత్రి వాచీ కావలసి వచ్చింది.

"ఇంకో సంగతి," అంది ఆమె, గొంతు పెంచకుండా. "రోజూ చప్పుళ్ళతోనే నా పని. గంట మీద సుత్తి పడితే ఆ మోత చాలాసేపు సాగుతుంది. ఈ ఏడో రౌండు ఠంగ్ కురచగా ఉంది, మూలిగినట్టు ఆగిపోయింది. ఇది గంట మీద పడ్డ దెబ్బ కాదు. చెక్క మీద పడిందీ కాదు. దేని మీద కొట్టారు మీరు?"

మీరు! తొమ్మిదేళ్ళ పిల్లప్పటి నుంచి, ఆయన భుజాలెక్కి జుట్టు పీకిన నాటి నుంచి నువ్వు అన్న పిల్ల. ఒక్క మాటతో గుమ్మం బయట నిలబెట్టేసింది. తిట్టి ఉంటే మాస్టారు ఓర్చుకునేవారేమో. ఆ మర్యాదని ఓర్చుకోలేకపోయారు.

"ఇనప పట్టీ మీద," అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"మీ నాన్నకి టక్కులు వినబడేవి కాదమ్మా. చచ్చిన చెవి, పైన జనం గోల. అందరూ ఆఖరి పది సెకన్లలో జాగ్రత్తపడితే, మీ నాన్న మాత్రం అప్పుడే దెబ్బలు తినేవాడు. ఆ పోటీకి ముందురోజు హాలుకొచ్చి, మాస్టారూ, నాకు వినబడేట్టు ఏదైనా చెయ్యండి అన్నాడు. ఇద్దరమే ఉన్నాం. గంటని బల్లకి బిగించిన ఇనప పట్టీ ఒకటుంటుంది. దాని మీద కొట్టి చూశాను. ఆ మూల నిలబడి, ఇది బాగా వినబడుతోందన్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. కానీ అలా చెయ్యకూడదమ్మా. ఇద్దరికీ ఒకటే చప్పుడుండాలి. ఒకడి కోసం చప్పుడు మార్చడం తప్పు. నాకు తెలుసు. అందుకే ఆరు రౌండ్లు చెక్క మీదే కొట్టాను. ఆరో రౌండు అయ్యాక స్టూలు మీద కూచుని నా వైపు చూసి చెవి చూపించాడు. కన్ను వాచిపోయి ఉంది. చూడలేకపోయాను."

"అందుకని ఏడో రౌండులో పట్టీ మీద కొట్టారు."

"మూడు కొట్టాలి. ఒకటి కొట్టాను. ఖాళీ హాల్లో ఒకలా వినబడింది, మూడు వేల మంది గోలలో ఇంకోలా వినబడింది. పట్టీ మీద కొడితే గంట కూడా మోగింది. మీ నాన్న అది గంటే అనుకున్నాడు. చేతులు దించి మూలకి తిరిగాడు. నా సుత్తి రెండో దెబ్బకి లేచేలోపు కింద ఉన్నాడు."

"తర్వాత?"

"రెఫరీ నా వైపు తిరిగాడు. గంటేనా అని చేత్తో అడిగాడు."

"మీరేం చెప్పారు?"

మాస్టారు తల ఊపి చూపించారు. ఆ రోజు ఎలా ఊపారో అలాగే, ఒక్కసారి, కిందికి. నోరు ఆడని అబద్ధం తల ఆడింది. ఆ ఒక్క ఊపుతో ఎడంచెయ్యి తప్పుడు మనిషయ్యాడు, గోడ గెలిచినట్టయింది. తర్వాత సంఘం అడిగితే 'గంట మోగింది' అని రెండే రెండు మాటలు రాసి సంతకం పెట్టారు. గంట మోగిన మాట నిజమే కదా అని మొదటి ఏడాది తనకి తాను చెప్పుకునేవారు. రెండో ఏడు నుంచి అదీ మానేశారు.

వంటింటి గుమ్మంలో ఆయన భార్య టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"నాతో కూడా చెప్పలేదేమండీ," అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "పెరట్లో బకెట్టు మోగినా ఉలిక్కిపడేవారు. వయసనుకున్నాను. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషిని, నాతో చెప్పుకుంటే ఏం పోయేది?"

గ్లాసులు బల్ల మీద పెట్టి ఆమె కూడా అక్కడే కూచుంది. ఎవరూ తాగలేదు. మీగడ కట్టింది.

"ఇంట్లో మూత కింద పడితే నాన్న ఏం చేసేవాడో తెలుసా మీకు?" అంది గోడ కూతురు. "తింటున్నవాడు తింటున్నట్టే లేచి, మూలకెళ్ళి గోడకి ఆనుకుని కూచునేవాడు. రౌండు అయిపోయిందనుకుని, నోరు తెరిచి, నీళ్ళు పోస్తారని. ముప్ఫై రెండేళ్ళు. నేను వెళ్ళి నీళ్ళు పోసేదాన్ని. పోసేదాకా లేచేవాడు కాదు."

మాస్టారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"నేను అందుకు రాలేదు బాబాయ్." అలవాటు చొప్పున పాత పిలుపు వచ్చేసింది. తనే సర్దుకుంది. "నాన్నకి మీరు మంచి చెయ్యబోయారు, సరే. దాని సంగతి నాకూ నాన్నకీ మధ్య ఉంటుంది. నేను వచ్చింది ఇంకో మనిషి కోసం. ఆ ఎడంచెయ్యి ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేవాడు, మీకు తెలుసా? గేటు దగ్గర నిలబడి, మీ నాన్నని ఒక్కసారి చూడనిస్తావా తల్లీ అనేవాడు. ఆయన మొహం మీద తలుపేసింది నేనే. తొమ్మిదేళ్ళప్పుడు వేశాను. చదువుకునేటప్పుడు వేశాను. కిందటి నెల, నాన్నకి బాగా ఎక్కువైనప్పుడు వచ్చాడు. గంట తర్వాత కొట్టినవాడివి, ఇప్పుడు శవాన్ని కూడా కొడతావా అన్నాను. ఆ మాట అన్నాను. ఆయన ఒక్కసారి కూడా నా తప్పు లేదనలేదు. తలొంచుకుని వెళ్ళిపోయేవాడు."

అప్పటిదాకా నిలబడ్డ గొంతు అక్కడ విరిగింది. మాస్టారి భార్య ఆమె చెయ్యి పట్టుకుంది.

ఎడంచెయ్యిని సంఘం ఆ వారంలోనే జీవితాంతం బహిష్కరించింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. లారీలు తూకం వేసే కాటా దగ్గర పనికి కుదిరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పెళ్ళి కాలేదు. కాటా దగ్గర మాటా మాటా వస్తే లారీవాళ్ళు ఇప్పటికీ "గంట దాటినోడి తూకం ఎవడు నమ్ముతాడు" అంటారట. ఊళ్ళో మాట పుడితే చాలు, దానికి వయసు రాదు.

"పొద్దున కాటా దగ్గరికి వెళ్ళాను," అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "సాయంత్రం సభకి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు. ఆ కాగితంలో ఏడో రౌండు గురించి ఏం రాశారు?"

మాస్టారు మడత విప్పి చదివారు. "ఆఖరి పోటీలో ప్రత్యర్థి గంట తర్వాత కొట్టిన దెబ్బకు తీవ్రంగా గాయపడి, విజేతగానే విరమించాడు."

"ఆ ఒక్క వాక్యం మార్చి చదవండి."

"మారిస్తే ఇక నా చేత గంట కొట్టించరమ్మా."

"కొట్టించరు."

"ఈ పదకొండు మంది గురించి నేను చదివిందంతా..." గోడ మీది ఫోటోల వైపు చూపించారు. "ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమే అంటారు. వీళ్ళ సంగతి తెలిసినవాడు ఇంకొకడు లేడు."

"ఆ పదకొండు మందీ పోయారు. బతికున్నాయన ఒకడున్నాడు."

మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు.

సంఘం హాలు అక్కడికి నాలుగు వీధుల దూరం. ముందు కూతురు, వెనక మాస్టారు, మోకాళ్ళ నొప్పులతో ఆ వెనక ఆయన భార్య. దారిలో వెల్డింగ్ షాపువాడు ఇనుం మీద సుత్తితో కొడుతుంటే మాస్టారు ఆగిపోయారు. భార్య వచ్చి మోచెయ్యి పట్టుకుని నడిపించింది.

హాల్లో తోలూ చెమటా నొప్పుల నూనే కలిసిన పాత వాసన. ఒక మూల ఇసక సంచులు గొలుసులకి వేలాడుతున్నాయి. వాటి పక్కనే అరవై కుర్చీలు వరసగా వేశారు, సగం నిండాయి. వచ్చినవాళ్ళలో ఎవరి ముక్కూ తిన్నగా లేదు. చివరి వరసలో, తలుపు పక్కన, నున్నగా దువ్విన తెల్ల జుట్టుతో ఒక బక్కమనిషి చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచున్నాడు. అతనికి అటూ ఇటూ నాలుగేసి కుర్చీలు ఖాళీ.

సంఘం కార్యదర్శి మైకు మీద వేలితో కొట్టి "హలో, హలో" అంటున్నాడు. గతంలో బరువు తక్కువ పోటీల్లో రెండుసార్లు ఓడిన ఘనుడు. మాస్టార్ని చూడగానే పరుగున వచ్చాడు. "మాస్టారూ, చూశారా, ఆ మనిషికి ఎంత ధైర్యమో! ఎవడు రమ్మన్నాడో ఏమో. మీరు ఊఁ అనండి, చెయ్యి పట్టుకుని బయటికి పంపిస్తాను."

"నేను రమ్మన్నాను," అంది గోడ కూతురు.

కార్యదర్శి వెళ్ళి మళ్ళీ మైకు పరీక్షించాడు, ఇంకేం చెయ్యాలో తోచక.

ఐదయింది. మాస్టారు మైకు ముందు నిలబడి కాగితం చదవడం మొదలుపెట్టారు. ఆయన చదువుతుంటే ఎవరూ దగ్గను కూడా దగ్గరు. గోడ ఎప్పుడు పుట్టాడో, ఏ వయసులో తొలిసారి గ్లవ్స్ తొడిగాడో, ఎవరి మీద గెలిచాడో అన్నీ చదివారు. నలభై ఒక్క పోటీలు. ముప్ఫై ఏడు గెలుపులు, మూడు ఓటములు, ఒకటి సమానం. వెనక్కి అడుగు వెయ్యడు కనక గోడ అన్న పేరు. గోడకి ఒక్కటే చెవి అన్న వాక్యం దగ్గర ముందు వరస ముసలివాళ్ళు నవ్వారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాతి వాక్యం దగ్గర మాస్టారు ఆగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరికైనా అప్పుడు ఆయన మొహం చూస్తే జాలేస్తుంది. తొమ్మిది రోజులుగా నిద్ర లేని మొహం కాదది, ముప్ఫై రెండేళ్ళుగా సరైన నిద్ర లేని మొహం.

"ఏడో రౌండులో గంట మోగలేదు," అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. మైకు సరిగ్గా లేదేమోనని కార్యదర్శి లేచాడు.

"మీరందరూ విన్నది గంట కాదు. ఇంకా పది సెకన్లుందని చెప్పడానికి నేను ఇనప పట్టీ మీద కొట్టిన దెబ్బ. గోడకి వినబడాలని చెక్క వదిలేసి దాని మీద కొట్టాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఎడంచెయ్యి కొట్టిన దెబ్బ రౌండులోనే పడింది. న్యాయమైన దెబ్బ. గంటేనా అని రెఫరీ అడిగితే అవునన్నాను. అది అబద్ధం. ఒక మనిషిని నిలువునా ముంచాను, ఇంకో మనిషి మతి పోగొట్టుకుంటే నోరు మెదపకుండా చూస్తూ కూచున్నాను. ఆయన బహిష్కారం ఎత్తెయ్యాలి. వెయ్యాలంటే నా మీద వెయ్యండి."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. "మాస్టారికి ఒంట్లో బాగాలేదు, కూర్చోబెట్టండి," అని ఒకడు. "ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అని ఇంకొకడు. మొదటి వరసలోంచి ఒక ముసలి బాక్సరు లేచి, వెనక్కి తిరిగి, ఎడంచెయ్యి వైపు చూస్తూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకడు కలిశాడు. చూస్తుండగా సగం హాలు లేచి నిలబడింది. గోడ కూతురు రెండు చేతులూ జోడించి ఏడుస్తోంది.

ఎడంచెయ్యి లేచాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆగలేదు. కుర్చీల మధ్యనుంచి మెల్లిగా నడుచుకుంటూ ముందుకి వచ్చాడు. మైకు దగ్గరున్న మాస్టారి వైపు పోలేదు. గోడ కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పటికి చప్పట్లు ఆగాయి.

"క్షమించండి," అంది ఆమె. "మీ తప్పేం లేకుండానే ఇన్నేళ్ళు మీ మొహం మీద తలుపేశాను."

"ఆ మాట అనకు తల్లీ." ఎడంచెయ్యి తల అడ్డంగా ఊపాడు. "మాస్టారు చెప్పిందే నిజమయ్యుంటుంది. టైము సంగతి ఆయనకి తెలిసినట్టు నాకేం తెలుసు. పట్టీ మీద కొట్టారని ఇవాళే వింటున్నాను. కానీ ఆ ఠంగ్ మీ నాన్నకి ఒక్కడికే వినబడలేదమ్మా. నాకూ వినబడింది."

ఆమె జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"మీ నాన్న చేతులు దించాడు. నేనూ దించాల్సింది. గంట అనుకునే కొట్టాను."